పాత ట్రాక్టరుకు రంగు కన్నా ముందు ప్రైమరు సంగతి చూడాలి

సంపాదకులకు,

అయ్యా,

తండ్రులు, తాతలు దున్నిన పాత ట్రాక్టర్లను తుక్కు కింద అమ్మేయకుండా బాగుచేయించి, కొత్తగా రంగులు వేయించి ఇంటి ముందు నిలుపుకోవాలన్న కోరిక విశాఖ చుట్టుపక్కల ఊళ్లలో ఈమధ్య బాగా కనిపిస్తోంది. చోడవరం, సబ్బవరం, ఆనందపురం దారుల్లో వెళ్తుంటే ఎర్రగానో నీలంగానో మెరుస్తున్న నలభై యాభై ఏళ్ల నాటి బళ్లు కనబడతాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు ఎంతో సంతోషం కలుగుతుంది. అయితే అదే బండిని రెండు వర్షాకాలాలు గడిచాక చూస్తే బానెట్టు అంచుల వెంట పొక్కులు, మడ్‌గార్డుల కింద పెచ్చులు, బోల్టుల చుట్టూ తుప్పు చారలు కనబడి మనసు చివుక్కుమంటుంది. యజమానులు పైరంగు నాసిరకమని అనుకుంటారు, లేదా పెయింటరు మోసం చేశాడని అనుకుంటారు. నా అనుభవంలో అసలు పొరపాటు చాలాసార్లు ప్రైమరు ఎంపికలోనే, అంటే రంగుకు ముందు వేసి దాని కింద దాగి ఉండే తొలి పూత ఎంపికలోనే జరుగుతోంది. ఈ విషయం నేను డబ్బూ కాలమూ పోగొట్టుకుని నేర్చుకున్నాను కనుక, మరొకరు పోగొట్టుకోకుండా ఉంటారని మీ పత్రిక ద్వారా తెలియజేయదలచాను.

మా ఇంట్లో ఉన్నది ఇంటర్నేషనల్ బి-275. మహీంద్రా, వోల్టాస్, అమెరికాకు చెందిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థలు కలిసి 1963లో నెలకొల్పిన ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ ఆఫ్ ఇండియా తయారుచేసిన బండి అది. మా నాన్నగారు దాన్ని 1974లో కొన్నారు. దమ్ము పట్టడానికి, చెరకు పొలాలు దున్నడానికి, గానుగ రోజుల్లో గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలడానికి ఇరవై అయిదేళ్లకు పైగా మా కుటుంబాన్ని మోసింది. నాన్నగారు పోయిన తరువాత నేను దాన్ని భీమిలిలోని మా ఇంటి పెరటికి తెచ్చి, రేకుల షెడ్డు వేసి ఉంచాను. మా ఇంటికీ సముద్రానికీ మధ్య అరకిలోమీటరు కూడా ఉండదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఆ షెడ్డు రేకులను ఎత్తుకుపోయింది. సముద్రపు తుంపర కలిసిన ఆ వానలో తడిసిన బండి, తరువాత చాలా రోజులు మనుషులు దొరకక టార్పాలిన్ కింద అలాగే ఉండిపోయింది. టార్పాలిన్ తీసి చూసేసరికి నాన్నగారు ప్రతి దసరాకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టిన ఆ బానెట్టు మీద ఎక్కడ చూసినా ఎర్రని తుప్పే.

మరుసటి ఏడాది దసరాకు బండి సిద్ధం కావాలన్న తొందరలో నగరంలోని ఒక గ్యారేజీకి ఇచ్చాను. అది సెప్టెంబరు నెల, రోజు విడిచి రోజు వాన. వారు వైరు బ్రష్షుతో తుప్పు గీకి, గుంటలు పడినచోట నేరుగా రేకు మీదనే పుట్టీ పట్టించి, దాని మీద ఎన్.సి. (నైట్రోసెల్యులోజు) సర్ఫేసరు అనే నునుపు చేసే పూత కొట్టి, నీళ్లతో రుద్ది నునుపు చేసి, ఎనామెల్ రంగు వేశారు. ఇంజను, గేరుబాక్సు భాగాలకు రెడ్ ఆక్సైడు ప్రైమరు ఒక పూత పూసి పైన అదే రంగు కొట్టారు. ఆయుధ పూజ నాటికి బండి అద్దంలా మెరిసింది. సంక్రాంతికి బానెట్టు కింది అంచున చిన్న చిన్న పొక్కులు లేచాయి. మళ్లీ వానలు వచ్చి వెళ్లేసరికి పుట్టీ పెట్టినచోటల్లా రంగు అట్టలా ఊడి వచ్చింది. ఆ గ్యారేజీవారు పని ఎగ్గొట్టారని నేను అనను. తొందరపెట్టినది నేను. ఏ ప్రైమరు వేస్తున్నారని ఒక్క మాట కూడా అడగనిది నేను.

ఒక పొక్కును గుండుసూదితో పొడిచి చూశాను. బియ్యపు గింజంత పొక్కులోంచి ఒక చుక్క నీరు వచ్చింది. దాని కింద రేకు ఎర్రగా కాదు, నల్లగా ఉంది, వేలితో రాస్తే తడి మసిలాంటి పొడి అంటింది. వాన పడి వారం దాటిన తరువాత రంగు కింద నీరు ఎలా ఉందన్నది నాకు అర్థం కాలేదు. తరువాత తెలిసిన సంగతి ఏమిటంటే, తుప్పు గుంటల అడుగున ఉప్పు మిగిలిపోతే, దాని మీద వేసిన పూత ఎంత మెరిసినా, ఆ ఉప్పు గాలిలోని తేమను పూత గుండా లోపలికి లాక్కుంటుంది. లాక్కున్న నీరు పూతను పైకి లేపుతుంది. వైరు బ్రష్షు తుప్పును గీకగలదు కాని ఉప్పును కడగలేదు. పైపెచ్చు మిషనుకు తగిలించిన వైరు బ్రష్షు కొంత తుప్పును రేకుకే అదిమి పాలిషు పట్టినట్టు నున్నగా చేస్తుంది. చూడటానికి శుభ్రమైన ఇనుములాగే ఉంటుంది కాని ప్రైమరు పట్టుకోవడానికి అక్కడ గరుకుదనం ఉండదు.

ఈ సంగతులు నాకు చెప్పినది మా వీధిలోనే ఉంటున్న ఒక పెద్దాయన. ఆయన ఓడల మరమ్మతు పనుల్లో ముప్ఫై ఏళ్లు పెయింటింగు చేసి విరమించారు. 1948 మార్చి 14న ప్రధాని నెహ్రూ 'జల ఉష' నౌకను జలప్రవేశం చేయించిన నాటి నుంచి విశాఖ నగరం సముద్రంతో పోరాడే ఇనుముకు పూతలు పూస్తూనే ఉంది. 2002 నుంచి ఆర్.కె. బీచిలో ప్రజల సందర్శనకు ఉంచిన కురుసుర జలాంతర్గామిని చూసినవారికి, ఉప్పుగాలికి ఎదురుగా నిలబెట్టిన ఇనుమును కాపాడటం ఎంత పనో వేరే చెప్పనక్కర లేదు. ఆ విద్య తెలిసిన చేతులు ఈ నగరంలో వేలల్లో ఉన్నా, వారికి తెలిసినది మన ట్రాక్టరు గ్యారేజీలకు చేరకపోవడం నాకు బాధ కలిగించే విషయం. నేను ఆయన దగ్గరకు వెళ్లి ఏ ప్రైమరు మంచిదని అడిగితే, "ఏ ప్రైమరని నన్నడక్కు బాబూ. దేని మీద వేస్తావో, దాని పైన ఏ రంగు వేస్తావో, ఏ నెలలో వేస్తావో ముందు ఆ మూడూ చెప్పు" అన్నారు. ఈ లేఖలో నేను చెప్పదలచినదంతా ఆ మాటలోనే ఉంది.

ముందుగా అందరికీ తెలిసిన రెడ్ ఆక్సైడు గురించి. మా భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలకు ఆ రంగు ఇచ్చేది ఐరన్ ఆక్సైడు. రెడ్ ఆక్సైడు ప్రైమరుకు ఆ ఎరుపు ఇచ్చేదీ అదే జాతి పదార్థం. తుప్పుకు దగ్గరి చుట్టమైన పొడిని ఆల్కిడ్ అనే నూనె జాతి బంకలో కలిపి పూస్తే అది తుప్పును ఆపుతుందని మనం నమ్ముతున్నాం. నిజానికి ఆ ఎర్ర పొడి తుప్పును చంపదు, గాలికీ తేమకూ కొంత అడ్డు మాత్రం నిలుస్తుంది. తుప్పును నిరోధించే గుణం కావాలంటే అందులో జింకు క్రోమేటు వంటి పదార్థం కలవాలి. అందుకే భారతీయ ప్రమాణాల్లో రెడ్ ఆక్సైడు–జింక్ క్రోమ్ ప్రైమరుకు ఐ.ఎస్. 2074 అని ప్రత్యేక సంఖ్య ఉంది. దుకాణంలో 'రెడ్ ఆక్సైడు' అని అడిగితే ఇచ్చే డబ్బాలన్నీ ఒకటి కావు. డబ్బా మీద జింక్ క్రోమ్ లేదా జింక్ ఫాస్ఫేటు అన్న మాట ఉందో లేదో చూసి కొనాలి. జింకు క్రోమేటులో ఉండే క్రోమియం క్యాన్సరు కలిగించగల పదార్థం కనుక, ఫాస్ఫేటు రకం దొరికితే అదే మేలని నా అభిప్రాయం.

అయినా రెడ్ ఆక్సైడును నేను తక్కువ చేయడం లేదు. చోడవరం, మాడుగుల వంటి సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లలో, షెడ్డులో ఉండే బండికి, పైన సింథటిక్ ఎనామెల్ వేయదలచినప్పుడు, శుభ్రంగా తోమిన ఇనుము మీద రెండు పూతల రెడ్ ఆక్సైడు ఏళ్ల తరబడి నిలుస్తుంది. బ్రష్షుతో పూయవచ్చు, ధర తక్కువ, తుప్పు కాస్త మిగిలిన గరుకు ఇనుమును కూడా నూనె గుణం వల్ల బాగానే తడుపుతుంది. దాని లోపాలు రెండు. మొదటిది, అది పైరంగు లేకుండా తేమను ఎక్కువ కాలం ఆపలేదు. డబ్బులు కూడాక రంగు వేయిద్దామని ప్రైమరు పూతతో బండిని నెలల తరబడి వానలో వదిలేసేవారు ఆ ప్రైమరు కిందనే తుప్పును పెంచుతున్నారు. రెండవది, దాని మీద ఘాటైన థిన్నరు కలిపిన ఎన్.సి. రంగు గాని, రెండు డబ్బాల సరుకు కలిపి వాడే పి.యు. (పాలీయురెథేన్) రంగు గాని కొడితే ఆ థిన్నరు కింది నూనె పూతను ఉబ్బించి ముడతలు పడేలా చేస్తుంది. కారులాంటి మెరుపు కావాలని పి.యు. రంగు కొనుక్కుని, కింద మాత్రం చవకని రెడ్ ఆక్సైడు పూయించిన బండి రంగు ఎండలో పెట్టిన అప్పడంలా ముడుచుకుపోవడం నేను కళ్లారా చూశాను.

రెడ్ ఆక్సైడు మరొక చోట కూడా పనికిరాదు. కుళ్లిన మడ్‌గార్డు అడుగును, ఫుట్‌బోర్డును కోసేసి డెంటింగు మేస్త్రులు కొత్త రేకు అతికేటప్పుడు చాలాసార్లు చేతికి దొరికిన జి.ఐ. రేకును, అంటే జింకు పూత ఉన్న ఇనుప రేకును వాడతారు. ఆ రేకు మీది జింకు, ఆల్కిడ్ నూనెతో చర్య జరిపి పూతకూ రేకుకూ నడుమ సబ్బులాంటి పొరను తయారుచేస్తుంది. కొన్నాళ్లకు రంగు మొత్తం పలకలు పలకలుగా జారిపోతుంది. పాత రేకు మీద బాగానే ఉండి, అతుకు వేసినచోట మాత్రమే రంగు ఊడితే కారణం ఇదేనని అనుమానించాలి. అక్కడ ముందు ఎచ్ ప్రైమరు గాని, జింకు మీద పనికివస్తుందని రాసి ఉన్న ఎపాక్సీ ప్రైమరు గాని వేయాలి. ఈ రెండింటి సంగతి కింద చెబుతాను.

ఎచ్ ప్రైమరు అన్నది ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన పలచని పూత. అది ఖాళీ లోహాన్ని కొద్దిగా కొరికి పట్టు బిగిస్తుంది. పట్టుమని పది మైక్రాన్ల మందం ఉంటే చాలు, వెంట్రుక మందంలో ఆరో వంతు కూడా ఉండదు. దాన్ని మందంగా కొడితే ఇంకా గట్టిగా ఉంటుందని అనుకోవడం పొరపాటు, మందమైతే పొరలోనే చీలిపోతుంది. దాని మీద నేరుగా ఎపాక్సీ ప్రైమరు వేయడం అంతకంటే పెద్ద పొరపాటు, ఎందుకంటే ఎచ్ ప్రైమరులో మిగిలిన ఆమ్లం ఎపాక్సీని గట్టిపరిచే హార్డెనరును సరిగా పనిచేయనివ్వదు. పుట్టీని కూడా దాని మీద నేరుగా పెట్టకూడదు. రెండు మంచి వస్తువులు కలిస్తే ఇంకా మంచిదవుతుందన్న లెక్క ప్రైమర్ల విషయంలో చెల్లదు.

ఇక ఎన్.సి. సర్ఫేసరు, పి.యు. సర్ఫేసరు అనేవి అసలు తుప్పును ఆపడానికి పుట్టినవి కావు. గీతలను, చిన్న గుంటలను పూడ్చి, ఎమరీ కాగితంతో రుద్దితే నునుపుగా తేలడం కోసం వాటిలో పొడి ఎక్కువగా వేస్తారు. పొడి ఎక్కువైన పూత స్పాంజిలా తేమను పీలుస్తుంది, ముఖ్యంగా ఎన్.సి. రకం. అటువంటి పూతను ఖాళీ రేకు మీద కొట్టి, ఆ వెంటనే నీళ్లతో రుద్దడం అంటే మన చేతులతో మనమే నీటిని రేకు దాకా పంపించడం. నా బండికి జరిగింది సరిగ్గా ఇదే. పుట్టీ సంగతీ అంతే, అందులోని సుద్ద పొడి తేమను పట్టుకుంటుంది. పుట్టీ కిందా పైనా రెండు వైపులా నీరు చొరని పూత ఉండాలి. సర్ఫేసరు వేయవద్దని కాదు, దాని స్థానం ఎపాక్సీ ప్రైమరు పైనా, పైరంగు కిందా అని గుర్తుంచుకోవాలి.

సముద్రానికి దగ్గరగా ఉన్న మనలాంటివారికి ఖాళీ ఇనుము మీద మొదటి పూతగా ఎపాక్సీ ప్రైమరును మించినది లేదని నేను గట్టిగా చెప్పగలను. అది రెండు డబ్బాల సరుకు. ఒకదానిలో అసలు పూత, రెండవదానిలో హార్డెనరు ఉంటాయి. రెండూ డబ్బా మీద రాసిన పాళ్లలో కలిస్తేనే గట్టిపడుతుంది. కంటి అంచనాతో కలిపితే మెత్తగా మిగిలిపోతుంది, లేదా పెళుసుబారుతుంది. కొన్ని రకాలను కలిపిన తరువాత పదిహేను, ఇరవై నిమిషాలు పక్కన పెట్టి ఆ తరువాతే వాడాలి. కలిపినదాన్ని ఇన్ని గంటల్లోపల అయిపోజేయాలన్న గడువూ ఉంటుంది. మన మే నెల ఎండలో ఆ గడువు డబ్బా మీద రాసినదానిలో సగానికి పడిపోవచ్చు కనుక, కొద్ది కొద్దిగా కలుపుకోవాలి. ఒక పూతకూ మరో పూతకూ మధ్య వ్యవధికి కూడా కనిష్ఠ, గరిష్ఠ హద్దులున్నాయి. గరిష్ఠ హద్దు దాటిపోతే పైపూత పట్టుకోదు, అప్పుడు మొత్తం ఎమరీతో రుద్ది గరుకు చేసుకోవలసిందే. ఎండకు ఎపాక్సీ సుద్దలా పొడిబారుతుంది కనుక దానిని పైరంగు లేకుండా వదిలేయకూడదు. డీజిల్ కారే ట్యాంకు మూత చుట్టూ, ఆయిలు తగిలే గేరుబాక్సు మీదా ఆల్కిడ్ పూతలు మెత్తబడిపోతే ఎపాక్సీ చెక్కుచెదరకుండా ఉంటుంది. ధర రెడ్ ఆక్సైడు కంటే బాగా ఎక్కువే. కాని మా బండి మొత్తానికి రెండు పూతలకు హార్డెనరుతో కలిపి నాలుగు లీటర్లు సరిపోయింది. మొదటిసారి పాడైన రంగును గీకించడానికి ఇచ్చిన కూలి అంతకంటే ఎక్కువ.

జింకు పొడి నిండిన జింక్ రిచ్ ప్రైమరు ఓడలకు, వంతెనలకు వాడతారు కదా, ట్రాక్టరుకు ఎందుకు వాడకూడదని కొందరు అడుగుతారు. ఆ జింకు తాను కరిగి ఇనుమును కాపాడాలంటే అది ఇనుముకు నేరుగా తగలాలి. అందుకు ఇనుమును గ్రిట్ బ్లాస్టింగుతో, అంటే గాలి ఒత్తిడితో గరుకు రేణువులను కొట్టి, తెల్లగా తేలేదాకా, ప్రమాణాల భాషలో ఎస్.ఎ. 2½ స్థాయికి, శుభ్రం చేయాలి. చేత్తో తోమిన రేకు మీద అది దండగ. బ్లాస్టింగు మాట వచ్చింది కనుక ఒక హెచ్చరిక: బీచి ఇసుక ఉచితంగా దొరుకుతుందని దానితో ఇనుమును చెక్కించినవారిని చూశాను. ఆ ఇసుకలోని ఉప్పు ఇనుములోకి దిగుతుంది, ఆ దుమ్ములోని సిలికా మనిషి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. రెండూ తిరిగి బయటకు రావు.

ట్రాక్టరు కారులాంటిది కాదన్న సంగతిని కూడా మన పెయింటర్లు గుర్తించాలి. కారులో ఎక్కువ భాగం రేకు. ట్రాక్టరులో బానెట్టు, మడ్‌గార్డులు, ట్యాంకు మినహాయిస్తే మిగిలిన దేహం చాలామటుకు పోత ఇనుమే. యాభై ఏళ్ల పాటు గ్రీజు, ఆయిలు, డీజిల్ పీల్చిన ఆ పోత ఇనుము రంధ్రాల్లోంచి నూనె ఊరుతూనే ఉంటుంది. పైన ఎంత తుడిచినా, ఎండలో వేడెక్కగానే మళ్లీ చెమర్చుతుంది. మేము ముందు గట్టిపడిన మడ్డిని గీకి, కిరసనాయిలుతో తడిపి, చాకలి సోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, మంచినీళ్లతో జాడించి, ఎండబెట్టి, మరుసటి రోజు మళ్లీ అదే పని చేశాం. గేరుబాక్సుకు మూడుసార్లు కడగవలసి వచ్చింది. కడగడానికి మా బోరు నీరు వాడవద్దని పెద్దాయన ముందే చెప్పారు, తీరం వెంట బోర్లలో ఉప్పు ఉంటుంది కనుక మున్సిపల్ కుళాయి నీరే పట్టుకున్నాం.

శుభ్రమైందో లేదో తెలుసుకోవడానికి ఆయన చూపించిన పరీక్ష చాలా తేలికైనది. తోమి కడిగిన రేకు మీద చేత్తో మంచినీళ్లు చిలకరించాలి. నీరు ఒకే పొరలా పరుచుకుని నిలిస్తే రేకు శుభ్రమైనట్టు. తామరాకు మీద నీటిలా బొట్లు బొట్లుగా విడిపోతే అక్కడ ఇంకా జిడ్డు ఉన్నట్టు. మా బానెట్టు మీద అంతటా నీరు చక్కగా పరుచుకుని, ఎడమ పక్కన అరచేయంత మేర మాత్రం విడిపోయింది. నాన్నగారు ఇంజను ఆయిలు చూసేటప్పుడు ఎప్పుడూ అక్కడే ఎడమ చేయి ఆనించేవారు. పరీక్ష అవగానే ఆ నీటిని వెంటనే గుడ్డతో తుడిచి వేడిగాలి పెట్టి ఆరబెట్టాలి, ఎందుకంటే మన గాలిలో ఖాళీ ఇనుము గంటల్లోనే ఎర్రబడుతుంది. తోమిన భాగానికి అదే రోజు ప్రైమరు పడాలి. ఒక్క రోజులో పూయగలిగినంత మేరకే ఆ రోజు తోముకోవాలి.

పాత రంగు గట్టిగా పట్టుకుని ఉన్నచోట దాన్ని మొత్తం తీయనక్కర లేదు. ఒక గుడ్డను ఎన్.సి. థిన్నరులో తడిపి ఆ రంగు మీద కొన్ని నిమిషాలు ఉంచి చూడాలి. రంగు కరిగి గుడ్డకు అంటితే అది ఎన్.సి. రకం, ముడతలు పడితే ఎనామెల్, ఏమీ కాకపోతే రెండు డబ్బాల రకం. ముడతలు పడే రంగు మీద ఘాటైన థిన్నరు కలిసిన ఎపాక్సీని నేరుగా కొట్టకూడదు. అటువంటిచోట రుద్దిన పాత రంగు మీద ఆల్కిడ్ ప్రైమరూ, ఆల్కిడ్ ఎనామెలూ వేసుకోవడమే క్షేమం. పాత రంగును రుద్దేటప్పుడు పొడిగా రుద్దవద్దు. ఆ రోజుల్లో ఎరుపు, పసుపు, నారింజ రంగుల్లో సీసపు సమ్మేళనాలు విరివిగా వాడేవారు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పదిలక్షల పాళ్లలో 90 పాళ్లు మించకూడదన్న నిబంధన 2016లో చేసి, 2017 నవంబరు నుంచి అమలు చేశారంటే, అంతకు నలభై ఏళ్ల ముందు వేసిన రంగు ఎలాంటిదో ఊహించుకోవచ్చు. తడిపి రుద్ది, ఆ మురుగును పోగుచేసి పారవేయాలి. పిల్లలను ఆ దరిదాపులకు రానీయకూడదు. పి.యు. రంగుల హార్డెనరులో ఉండే ఐసోసయనేటు ఆయాసాన్ని తెచ్చిపెడుతుంది, ముఖానికి చుట్టుకున్న తువ్వాలు దాన్ని ఆపలేదు. మన పెయింటరు కుర్రాళ్లు ఆ తువ్వాలుతోనే రోజంతా రంగు కొట్టే గన్ను పట్టుకుంటున్నారు. వారికి సరైన మాస్కు ఇవ్వడం పని ఇచ్చినవారి బాధ్యత.

కాలం సంగతి ఇంకా చెప్పలేదు. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 85 శాతం దాటితే పూత వేయకూడదనీ, ఇనుము ఉష్ణోగ్రత తుషార స్థానం కన్నా కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలనీ ఓడల పనిలో నియమం. తుషార స్థానమంటే గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్న రోజున తుషార స్థానం సుమారు 26 డిగ్రీలు. అంటే ఇనుము 29 డిగ్రీలకు తక్కువ ఉండకూడదు. రాత్రంతా చల్లబడిన గేరుబాక్సు పోత అంత బరువు ఇనుము ఉదయం ఎనిమిదింటికి అంత వేడెక్కదు. ఒక రోజు ఉదయం పని మొదలుపెట్టబోతూ దాని మీద అరచేయి ఆనించి తీస్తే చేతికి తడి అంటింది, కంటికి మాత్రం ఏమీ కనబడలేదు. ఆ రోజు పదకొండు దాటేదాకా గన్ను ముట్టుకోలేదు. అందుకే దసరాకు రంగు వేయించాలన్న మన ఆనవాయితీ, ఆచారంగా ఎంత ముచ్చటైనదైనా, మన తీరంలో పూతకు సరిపడనిది. ఈశాన్య రుతుపవనాలు వెనుదిరిగి, సంక్రాంతి వెళ్లిన తరువాత, ఎండలు ముదరకముందు, అంటే జనవరి చివరి నుంచి మార్చి దాకా ఉన్న రోజులు ఈ పనికి అన్నింటికన్నా అనువైనవి. రంగు అప్పుడు వేయించి, పూజ దసరాకు చేసుకోవచ్చు.

మా బండికి ఆ విధంగా 2017 ఫిబ్రవరిలో రెండవసారి పని మొదలుపెట్టాం. ఖాళీ ఇనుము మీద ఎపాక్సీ, గుంటలున్నచోట దాని మీద పుట్టీ, ఆపైన మళ్లీ ఎపాక్సీ, బానెట్టుకూ మడ్‌గార్డులకూ సర్ఫేసరు, చివరగా పి.యు. ఎరుపు వేశాం. సైలెన్సరుకు, ఇంజను పక్కనున్న మానిఫోల్డుకు ఏ ప్రైమరూ పూయలేదు. అక్కడి వేడికి మామూలు ప్రైమరు కాలి రాలిపోతుంది కనుక వేడిని తట్టుకునే సిలికాన్ అల్యూమినియం పూత మాత్రమే వేశాం. గ్రీజు నిపుళ్లకు, రబ్బరు గొట్టాలకు, నంబరు పలకకు ముందే కాగితం అతికించాం. అప్పుడే పాత మడ్‌గార్డు నుంచి కోసిన మూడు రేకు ముక్కలను తోమి, ఒకదానికి సర్ఫేసరు, ఒకదానికి రెడ్ ఆక్సైడు, ఒకదానికి ఎపాక్సీ వేసి, మూడింటికీ పైన ఎర్ర ఎనామెల్ పూసి, మేకుతో ఒక్కో గీత గీసి మేడ మీద సముద్రం వైపు వేలాడదీశాను. ఒక వర్షాకాలం అయ్యేసరికి మొదటిదాని నిండా పొక్కులు లేచాయి. రెండవదానికి గీతకు అటూ ఇటూ చిటికెన వేలి వెడల్పున తుప్పు పాకింది. మూడవదానికి గీత ఎంత ఉందో తుప్పు అంతే ఉంది, పక్కకు కదలలేదు. బండి ఆ తరువాత ఎన్నో వర్షాకాలాలు చూసింది. ఎడమ మడ్‌గార్డు కింద రాయి తగిలి పెచ్చు లేచిన ఒక్కచోట తప్ప ఎక్కడా తుప్పు కనబడలేదు.

ఇప్పుడు నా విన్నపం. ఆటోనగర్‌లోనూ, ఊళ్లలోని గ్యారేజీల్లోనూ పనిచేసే పెయింటర్లలో చాలామందికి తెలుగు చదవడం వచ్చు. వారు కొనే డబ్బాల మీద మాత్రం కలపవలసిన పాళ్లు, ఆగవలసిన నిమిషాలు, రెండు పూతల మధ్య వ్యవధి, దేని మీద వేయకూడదన్న హెచ్చరిక అన్నీ చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. తెలియక కాదు, చదవలేక తప్పు జరుగుతోంది. రంగుల కంపెనీలు మన రాష్ట్రంలో అమ్మే పారిశ్రామిక ప్రైమర్ల డబ్బాలతో పాటు ఒక్క తెలుగు కాగితం పెట్టాలి. ఎపాక్సీ ప్రైమరును పెద్ద డబ్బాల్లోనే కాక, ఒకటి రెండు లీటర్ల జతల్లో కూడా దుకాణాల్లో ఉంచాలి. నేను నాలుగు లీటర్ల కోసం నగరంలో ఆరు దుకాణాలు తిరిగాను, వాటిలో నాలుగింట్లో ఇరవై లీటర్ల లెక్కన అయితేనే తెప్పిస్తామన్నారు. ఐ.టి.ఐ.లలో పెయింటింగు నేర్పే అధ్యాపకులు ఓడల పనిలో విరమించిన పెద్దవారిని పిలిచి, విద్యార్థులకు ఆ నీటి పరీక్షనూ, తుషార స్థానం లెక్కనూ చేతితో చేయించి చూపించాలి. అటువంటి పెద్దలు మన గాజువాకలో, మల్కాపురంలో, కంచరపాలెంలో వీధికి ఒకరు దొరుకుతారు.

మీ పత్రిక వ్యవసాయ పేజీలో ఈ విషయం మీద అనుభవజ్ఞులతో ఒక వ్యాసం రాయించి సంక్రాంతి లోపల ప్రచురిస్తే, పండుగ వెళ్లగానే పని మొదలుపెట్టదలచినవారికి అది సమయానికి అందుతుంది.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
భీమునిపట్నం, విశాఖపట్నం జిల్లా